కడగని బేసిను

“అక్కా, బొట్టోడు లేయట్లేదక్కా! నీళ్లు పోస్తే బయటికే వస్తున్నాయి!”

వెన్నెల గొంతు కొట్టం ఆ చివర నుంచి వచ్చింది. ఈ చివర కృపారాణి ఇంకో పొట్టేలు మెడను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, సీసాలో కలిపిన వంట సోడా నీళ్లు దాని దవడ సందులోంచి కొంచెం కొంచెంగా వంపుతోంది. తల తిప్పి చూసే వీలు లేదు. పొట్టేలు ఎడమ డొక్క ఉబ్బి, చర్మం బిగిసి, వేలితో తడితే డప్పులా మోగుతోంది. పళ్లు నూరుతోంది. ఆ చప్పుడు దీని ఒక్కదానిదే కాదు. కొట్టంలో కట్టేసిన పొట్టేళ్లన్నీ పళ్లు నూరుతున్నాయి.

“తల పైకెత్తొద్దు పాపా, ఊపిరిలోకి పోతాది. పక్కకు తిప్పి పట్టుకో. వస్తున్నా.”

ఆమె వెళ్లేసరికి బొట్టోడు కాళ్లు చాపేశాడు. అది నుదుట తెల్లటి బొట్టున్న పొట్టేలు. నిన్నటి దాకా వెన్నెల అడుగుల చప్పుడు వింటే చాలు, పలుపు తెంచుకునేంత పని చేసేది. ఇప్పుడా పిల్ల దాని తల ఒళ్లో పెట్టుకుని, ఏడవడం కూడా మరిచిపోయి, వెచ్చగా ఉన్న చెవిని అటూ ఇటూ మడుస్తోంది.

“నిద్రపోతాందా అక్కా?” అంది. పదో తరగతి చదువుతున్న పిల్ల. నిద్ర ఏదో, చావు ఏదో తెలియని పిల్ల కాదు. తెలిసే అడిగింది.

పక్క పొట్టేలు మోకాళ్ల మీద కూలబడుతోంది. కృపారాణి సీసా పట్టుకుని దాని దగ్గరకు పరుగెత్తింది.

బయట వాకిట్లో మినీ లారీ ఎదురుచూస్తోంది. ముందు అద్దానికి బంతిపూల దండ వేసి ఉంది. లారీ పక్కకు కట్టిన కొత్త ఫ్లెక్సీ గాలికి పటపటమంటోంది. ఈ రోజే మార్కాపురంలో యువ క్లబ్బుల పశు ప్రదర్శన. తొలకరిలో హైస్కూలు పిల్లలకు తలా ఒక పొట్టేలు పిల్లను ఇవ్వడం, చలికాలం దాకా వాళ్ల చేత సాకించడం, చివర తూకం వేసి ప్రదర్శనకు తీసుకుపోవడం. అదీ క్లబ్బు పని. క్లబ్బుకు అధ్యక్షుడు కృపారాణి భర్త. వెలిగండ్లలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్తాడు. చర్చిలో సంఘపెద్ద. ఊరందరికీ ఆయన సారు. ఆమెకూ సారే.

మరి పిల్లలు బడికి పోతే పొట్టేళ్లు ఎక్కడుంటాయి? సారు గారి పెరటి కొట్టంలో. పెంటికలు ఊడ్చేదెవరు? మార్కాపురం నుంచి పనికిరాని పలకరాయి ముక్కలు తెచ్చి కొట్టం నేలంతా పరిపించాడు సారు. చూసినవాళ్లంతా ఎంత శుభ్రంగా ఉందో అన్నారు. ఆ రాళ్ల సందుల్లో ఇరుక్కున్న పెంటికలను రోజూ పుల్లతో గీకి తీసేది కృపారాణి. నట్టల మందు తాగించేది, గిట్టలు కోసేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది ఆమే. గిద్దలూరులో శిక్షణ పెడితే ఆయనకు తీరిక లేక ఆమె పోయి కూర్చుని నేర్చుకొచ్చింది. ఆ నేర్చుకొచ్చినది ఆయన నోట ఉపన్యాసమైంది. “గొర్రెకు బువ్వ పెట్టగూడదు పిల్లలూ. విందులో మిగిలిందని ప్రేమగా పెట్టినా కడుపులో పులిసి విషమైపోతాది.” ప్రతి మీటింగులో అదే మాట. ప్రతి మీటింగులో చప్పట్లు. ఆ చప్పట్లు మోగేటప్పుడు ఆమె వెనకాల టీ గ్లాసులు కడుగుతూ ఉండేది.

ఫ్లెక్సీ మధ్యలో ఆయన ఫోటో, కింద పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. ప్రింటు చేసేవాడు ఫోన్లో “ఏం పేరు పెట్టాలమ్మా?” అని అడిగితే కృపారాణి చెప్పలేక, కాగితం మీద రాసి ఆటోవాడి చేత పంపింది. పెళ్లయినప్పటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. కాపురానికి వచ్చిన రోజే అత్తగారు విజయమ్మ చెప్పింది, మొగుడి పేరు పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని. “బైబిల్లో ఎక్కడుందత్తా?” అని అడిగితే, “అన్నీ బైబిల్లో ఉంటాయా? కొన్ని అత్త చెప్తే వినాల,” అంది. బ్యాంకులో అడిగితే ఆధార్ కార్డు చూపించింది. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా “నా పెనిమిటి” అనేది. దేవుడికి ఎలాగూ తెలుసు కదా అనుకునేది.

“డాక్టరుకు ఫోన్ చేసినా, వస్తా ఉన్నాడు.”

సారు కొట్టం గడప దగ్గరే ఆగిపోయాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. లోపలికి అడుగు పెడితే చెప్పులకు అంటుకుంటుంది. ఆమెను ఎగాదిగా చూసి, “నువ్వు పోయి చీర మార్చుకో. జనం వస్తారు,” అన్నాడు.

ఆమె మొదట విననట్టే ఉంది. నిజంగా వినబడలేదు కూడా. పొట్టేలు గొంతులో గరగర తప్ప ఇంకేం వినబడటం లేదు.

“నిన్న సాయంత్రం మేత ఎవురు వేసినారు?” అని అడిగాడు.

“వెన్నెల వంతు,” అంది కృపారాణి, సీసా మీది నుంచి చూపు తిప్పకుండా. “నేను చర్చి దగ్గర గిన్నెలు తోముతున్నా గదా.”

అంతే. అడిగితే చెప్పింది. ఆ రెండు మాటలు ఎక్కడికి పోతాయో అప్పుడామెకు తెలియదు.

*

పశువుల డాక్టరు శ్రీకాంత్ మోటారు సైకిలు మీద వచ్చాడు. కుర్రవాడు. వచ్చీ రాగానే బతికున్నవాటికి గొట్టం వేసి గాలి తీశాడు, సూదులు వేశాడు, సోడా పట్టించి మంచి పని చేశారన్నాడు. ఆ తర్వాత బొట్టోడిని వాకిట్లో గోనెపట్టా మీద పడుకోబెట్టి, కత్తి తీశాడు.

అప్పటికి జనం చేరారు. క్లబ్బు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. పక్కింటి పుల్లమ్మ మొహం మాడ్చుకుని పిట్టగోడకు ఆనుకుని నిలబడింది. నిన్న చర్చిలో కోత పండుగ విందు. అందరూ తిని వెళ్లాక ఆడవాళ్లంతా గిన్నెలు తోమి సర్దితే ఒక పెద్ద బేసిను తగ్గింది. చివరగా తోమింది పుల్లమ్మ కాబట్టి చూపులన్నీ పుల్లమ్మ మీద పడ్డాయి. “నీ ఇంట్లో ఒకసారి చూసుకో పుల్లమ్మా,” అని పాస్టరమ్మ మెత్తగా అంది. ఆ మెత్తదనానికి పుల్లమ్మ నిన్నటి నుంచీ లోలోపల ఉడికిపోతోంది.

డాక్టరు పొట్ట కోయగానే పుల్లటి వాసన గుప్పుమంది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆయన చేతులు లోపలికి పెట్టి, పిడికెడు బయటికి తీసి, గోనెపట్టా మీద పరిచాడు.

ఉబ్బిన మెతుకులు. పసుపు రంగు మెతుకులు. వాటి మధ్య నల్లగా, సగం నలిగిన ఆకు ఒకటి.

“బిర్యానీ ఆకు,” అన్నాడు డాక్టరు. “పొట్ట నిండా బిర్యానీ ఉంది సార్. ఎవరో బాగా పెట్టారు. మీరు ప్రతి మీటింగులో పెట్టొద్దని చెప్తారు కదా, అయినా పెట్టారు.”

రోగమొచ్చి పోతే ఒక రకం, అనుకుంది కృపారాణి. ఇది రోగం కాదు. ఎవరో మనిషి, మనిషి చేత్తో, ఒక్కొక్కదాని ముందూ నిలబడి పెట్టింది.

సారు గొంతు సవరించుకున్నాడు. మీటింగులో మాట్లాడే గొంతు. “నిన్న సాయంత్రం వంతు వెన్నెలది. దాని పొట్టేలు మిగతావాటికంటే బరువు తక్కువ ఉండె. ప్రైజు మీద ఆశ పుట్టింటాది. విందులో మిగిలింది తెచ్చి దీనికి పెట్టింది, మిగతావాటికీ వేసింది. చిన్నపిల్ల. తప్పు చేసింది. మనం పెద్దోళ్లం, క్షమించాల.”

“నేను సొప్ప వేసినా సార్,” అంది వెన్నెల. “సొప్ప, శనక్కాయ కట్టె. నీళ్లు పెట్టినా. అంతే సార్. దేవుడి తోడు.”

“అమ్మా, ఒప్పుకుంటే తప్పులేదు.”

“నేను పెట్టలేదు సార్!”

వెన్నెల తండ్రి ఓబులేసు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పొలం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, పంచె మోకాళ్ల మీదికి కట్టి ఉంది. చచ్చిన పొట్టేలును చూశాడు, కూతుర్ని చూశాడు. పశువుల పాలిటెక్నిక్కులో చేరతానని ఆ పిల్ల ఏడాదిగా తండ్రిని పీక్కు తింటోంది. పొట్టేలును బాగా సాకి ప్రదర్శనలో నిలబెడితే అప్పుడు చూద్దామని ఆయన మాటిచ్చాడు. ఆ మాట సంగతి ఊరందరికీ తెలుసు.

“పొట్టేలును బతికించలేనిదానివి పశువుల డాక్టరువైతావా?” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. “ఇంకేం చదువు? పరీక్షలైనాక ఇంట్లో కూచుందువులే. నడువ్.”

“నాయనా, నేను కాదు నాయనా...”

“సారు అబద్ధం చెప్తాడా?”

వెన్నెల తండ్రిని కాకుండా కృపారాణిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. నువ్వే గదక్కా నా పేరు చెప్పింది, అన్నట్టు ఉంది.

“డాక్టరు గారు చేతులు కడుక్కోవాల. నీళ్లు తీసుకురా,” అన్నాడు సారు భార్యతో. “అట్లే ఓబులేసుకు, డాక్టరు గారికి కాఫీ పెట్టు.”

*

నీళ్ల కోసం కొట్టం వెనక్కి వెళ్లింది. అక్కడ తొట్టి, దాని పక్కన బట్టలారేసే తీగ. తొట్టి పక్కన నేల మీద ఒక బేసిను ఉంది. అంచు మీద ఎర్ర రంగుతో సిలువ గుర్తు. చర్చి బేసిను. నిన్న అందరూ వెతికిన బేసిను.

అందులో కాసిన్ని నీళ్లు. నీళ్ల మీద నూనె తెట్టు. అడుగున అంటుకున్న మెతుకులు.

కృపారాణి చేసిన మొదటి పని, దాని ముందు గొంతుక్కూర్చోవడం. రెండో పని, పక్కనున్న కొబ్బరిపీచు చేతిలోకి తీసుకోవడం. బుర్ర ఇంకా బొట్టోడి దగ్గరే ఉంది, వెన్నెల చూపు దగ్గరే ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఎంగిలి గిన్నె కనబడితే కూర్చుని తోమడం వాటికి అలవాటు. ఎవరు తిన్నారు, ఎందుకు వదిలేశారు అని చేతులు అడగవు. నీళ్లు వంపబోయి, పీచు బేసినుకు ఆనించబోయి, ఆగిపోయింది.

ఈ నీళ్లేంటి?

కడగాలని పోసిన నీళ్లు కావివి. నానబెట్టాలంటే నిండుగా పోస్తారు. ఇవి గ్లాసెడు నీళ్లు. తిన్నాక కంచంలో చెయ్యి కడుక్కునేటన్ని నీళ్లు. బిర్యానీ పెట్టిన మనిషి, పని అయిపోగానే, అదే బేసినులో చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. నాలుగడుగుల దూరంలో తొట్టి ఉంది, దానికి కుళాయి ఉంది. వెన్నెల అయితే అక్కడ కడుక్కుంటుంది. ఏ ఆడపిల్లైనా అక్కడే కడుక్కుంటుంది. చిన్నప్పటి నుంచి తాను ఎంగిలి చేసింది తానే తోముకునే మనిషి ఆ గిన్నెలో చెయ్యి కడగదు. తోమేది ఇంకెవరో అని తెలిసినవాడే కడుగుతాడు.

ఆమె నెమ్మదిగా తలెత్తింది.

తీగ మీద నిన్న పొద్దున ఆరేసిన ఆకుపచ్చ చీర. కొంగు అంచున పసుపు పచ్చగా, జిడ్డుగా, నాలుగు వేళ్ల మరకలు. పక్కన బొటనవేలు.

ఆ మరకలను ఆమె ఎన్నిసార్లు ఉతికిందో. కొత్త చీర మీద, పాత చీర మీద, చర్చికి కట్టుకుపోదామని ఇస్త్రీ చేసి మడిచిపెట్టిన చీర మీద. కంచంలో చెయ్యి కడగడం, లేవడం, అందుబాటులో ఉన్న ఆమె బట్టకు తుడుచుకోవడం. తువ్వాలు అక్కడే ఉంటుంది, అయినా తీసుకోడు. కొత్తల్లో ఒకసారి అడిగింది. “నా పెళ్లాం చీర, నా చెయ్యి. మధ్యలో నీకేంది?” అన్నాడు. అదేదో పెద్ద జోకులాగా ఇంట్లోవాళ్లంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. “మొగుడు చెయ్యి తుడుచుకుంటే చీర అరిగిపోతాదా?” అని అత్తగారు అంది. అరిగిపోలేదు. కానీ ఆ వేళ్ల వెడల్పు, ఆ బొటనవేలి వంపు ఆమెకు ఎంతగా తెలిసిపోయాయంటే, పోలీసులు పౌడరు చల్లి వెతకక్కర్లేదు.

సారు.

అసాధ్యం అనుకుంది. ప్రతి మీటింగులో ఆ మాట చెప్పేవాడు. ఇప్పుడే, అక్కడే నిలబడి, చిన్నపిల్లను అందరి ముందూ క్షమించేశాడు. పొట్టేళ్లకు పెట్టిన చెయ్యి ఒకటే తప్పు చేసింది. ఆ నోరు ఇంకా పెద్దది చేసింది.

పీచు పక్కన పెట్టింది. బేసినును కదిలించలేదు. డాక్టరుకు నీళ్లు ఇచ్చి వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించింది.

*

“చక్కెర తక్కువ వెయ్యి, డాక్టరు ఎక్కువ తాగడు,” అంటూ సారు వంటింట్లోకి వచ్చాడు.

కృపారాణి పాలగిన్నె వైపు చూస్తూనే అడిగింది. “చర్చి నుంచి బేసినుతో బిర్యానీ తెచ్చింది మీరేనా?”

అరుస్తాడనుకుంది. కాదంటాడనుకుంది. కాదంటే నమ్మడానికి ఆమెలో ఏదో ఒక మూల ఇంకా సిద్ధంగానే ఉంది.

ఆయన వెనక్కి చూసి, “తలుపు దగ్గరికెయ్యి,” అన్నాడు.

ఆమె వేయలేదు. ఆయనే వేశాడు.

“పారబోస్తా ఉన్నారు. కడుపులు నిండుగా కనపడతాయి, తూకంలోనూ కలిసొస్తాదని వేసినా. ఒక్క పూటకు ఇట్ల అయితాదని ఎవురనుకున్నారు?”

“మీరే గదా అందరికీ చెప్పేది?”

“చెప్పేది వేరు రాణీ.”

“మరి వెన్నెల మీద ఎందుకు వేసినారు?”

“ఎవురో ఒకరి పేరు రావాల గదా. నువ్వే చెప్పినావు దాని వంతని. చిన్నపిల్ల, రెండు రోజులేడ్చి మరిచిపోతాది.”

“వాళ్ల నాయన చదువు మాన్పిస్తున్నాడు!”

సారు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆ మొహంలో కొంచెం జాలి కూడా కనిపించింది. తర్వాత, పెద్ద సాయం చేస్తున్నవాడిలా, గొంతు తగ్గించి అన్నాడు. “అట్లయితే నువ్వు చెప్పు. నేనే వేసినా, తెలియక చేసినా అని. ఆ పిల్లా బయటపడతాది. ఆడమనిషి పొరపాటు చేసిందంటే పాపం అని వదిలేస్తారు. నా మీద పడితే బడి, సంఘం, క్లబ్బు అన్నీ పోతాయి. నీకు పోయేదేముంది?”

పాలు పొంగబోతున్నాయి. కృపారాణి మంట తగ్గించింది. నీకు పోయేదేముంది. ఈ ప్రశ్నకు జవాబు ఆమె ఎప్పుడూ వెతకలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి. తనకు ఉన్నదేమిటి అసలు? బడి లేదు, జీతం లేదు, ఫ్లెక్సీ మీద ఫోటో లేదు. కానీ తెల్లవారి కొట్టంలోకి అడుగు పెడితే అన్ని తలలూ ఒకేసారి తిరుగుతాయి. ఏ పొట్టేలుకు ఏ మూల గోకితే ఇష్టమో ఆమెకు తెలుసు. బడి వదలగానే పిల్లలు పుస్తకాల సంచులు విసిరేసి “అక్కా, నాది తిన్నాదా?” అంటూ పరుగెత్తుకొస్తారు. అది లెక్కలోకి రాదు కాబట్టి, పోయినా ఎవరికీ కనబడదు. తానే చంపానని ఒప్పుకుంటే రేపటి నుంచి ఏ తల్లి తన పిల్లను ఈ కొట్టానికి పంపుతుంది? ఆయన క్లబ్బు ఆయనకు ఉంటుంది. కొట్టం ఊడ్చే పనికి ఇంకొకరు దొరుకుతారు.

తలుపు తోసుకుని విజయమ్మ లోపలికి వచ్చింది. ఎంతసేపటి నుంచి వింటోందో. “చెప్పెయ్యి రాణమ్మా,” అంది. “ఒక మాటే గదా. నేను మొయ్యలేదా?”

“నువ్వేం మోసినావత్తా?”

“ఎద్దును.”

ఆ సంగతి ఊళ్లో తెలియనివారు లేరు. వయసులో ఉన్నప్పుడు విజయమ్మ పలుపు పొడుగ్గా వదిలి కట్టేస్తే, అది చుట్టుకుని కాడెద్దు ఉరిపడి చచ్చిందట. ఇప్పటికీ ఇంకో విజయమ్మతో కలవకుండా “ఎద్దు విజయమ్మ” అంటారు. భోజనాల దగ్గర సారు కూడా అమ్మను దాని మీద ఆటపట్టిస్తాడు. ఒకసారి విజయమ్మ పొట్టేలు పిల్లకు పాలు పట్టబోతే కృపారాణి కూడా, “నువ్వొద్దులే అత్తా,” అని నవ్వుతూ సీసా లాక్కుంది.

“నువ్వు కట్టేయలేదా ఎద్దును?”

“మీ మామ పేకాటకు పోయే తొందరలో కట్టేసి పోయినాడు. నేను కట్టినానని చెప్పమన్నాడు. చెప్పినా. మొగోడు, నలుగురిలో తిరిగేవాడు.” ఉప్పు ఎంత వేశానో చెబుతున్నట్టు చెప్పింది విజయమ్మ. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. “మా పుట్టింట్లో దూడలన్నిటినీ నేనే సాకేదాన్ని రాణమ్మా. ఆ తర్వాత ఇంగ నన్ను కొట్టంలోకి రానీలేదు. నువ్వు కూడా రానీలేదు గదా.”

ఈ ఇంట్లో ఇంతకాలం ఒకే పొయ్యి దగ్గర నిలబడి వండిన మనిషి, తాను చంపని ఎద్దును మోస్తూ తిరుగుతోందని కృపారాణికి ఈ రోజు దాకా తెలియలేదు. నమ్మకుండా ఉండాలని కూడా తోచలేదు.

“అమ్మా, ఇప్పుడు ఆ పాత కథ ఎందుకు?” అని విసుక్కున్నాడు సారు. “దానికీ దీనికీ ఏం సంబంధం?”

కృపారాణి ఆయన వైపు తిరిగింది. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. ఎద్దు మాట వినగానే ఉలిక్కిపడలేదు, “నిజమా అమ్మా?” అనలేదు.

“మీకు తెలుసా?” అంది.

“చిన్నప్పటి నుంచి తెలుసు. అయితే ఏంది?”

తెలుసు. తెలిసే, భోజనాల దగ్గర, అమ్మ వడ్డిస్తుంటే, ఎద్దు పేరు ఎత్తి నవ్వించేవాడు. పొద్దుటి నుంచి ఆమెకు తగిలిన దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. బిర్యానీ పెట్టడం తొందరపాటు అనుకోవచ్చు. వెన్నెలను ముందుకు తోయడం భయం అనుకోవచ్చు. కానీ ఈ నవ్వు? రేపు ఇదే వంటింటి ముందు కూర్చుని, రాబోయే కోడలి ముందు, “మీ అత్త ఒకప్పుడు పొట్టేళ్లకు బిర్యానీ పెట్టి చంపింది,” అని నవ్వుతాడు. తాను వడ్డిస్తూ ఉంటుంది. మెల్లగా తానూ నవ్వుతుంది.

“తొందరగా రా,” అన్నాడు సారు, చొక్కా సవరించుకుంటూ. “ఓబులేసు పోతాడు. నాలుగు ముక్కలు ఏడుస్తూ చెప్పు, సరిపోతాది.”

ఆయన వాకిట్లోకి వెళ్లాడు. కృపారాణి పొయ్యి ఆర్పింది. కాఫీ కలపలేదు. పెరటి తలుపు తీసుకుని కొట్టం వెనక్కి వెళ్లింది.

*

“మా ఆవిడ ఒక మాట చెప్తాదంట,” అంటున్నాడు సారు. “మనసులో పెట్టుకుని బాధపడతా ఉంది. వినండి.”

ఓబులేసు వెన్నెల చెయ్యి పట్టుకుని వాకిలి దాటబోతూ ఆగాడు. కృపారాణి కొట్టం పక్క నుంచి వచ్చింది. చంకలో బేసిను, భుజం మీద తడి ఆరిన ఆకుపచ్చ చీర.

“అదిగో బేసిను!” పుల్లమ్మ కేక పెట్టింది. “నిన్నటి నుంచి నన్ను దొంగను చేసినారు గదా! ఎక్కడిదమ్మా అది?”

“మా కొట్టం వెనక ఉండె పుల్లక్కా.” బేసినును గోనెపట్టా పక్కన, అందరికీ కనిపించేలా దించింది. “ఓబులేసన్నా, పోవద్దు. పొట్టేళ్లకు బువ్వ పెట్టింది వెన్నెల కాదు.”

సారు తల ఆడించాడు. “చెప్పు రాణీ. భయపడొద్దు. ఎవురూ ఏమనరు.”

“ఈ బేసినుతో పెట్టినారు. పెట్టినాక ఇందులోనే చెయ్యి కడిగినారు. చూడండి, నీళ్లు అట్లనే ఉన్నాయి.” చీర కొంగు విప్పి చూపించింది. “కడిగి, ఆరేసిన నా చీరకు తుడుచుకున్నారు. నేనైతే తొట్టి దగ్గర కడుక్కుంటా. వెన్నెలైనా అంతే. గిన్నెలో చెయ్యి కడిగి, అట్లనే వదిలేసి పోయేది ఎవురు పుల్లక్కా?”

“మా ఇంట్లో ఒకడున్నాడు,” అంది పుల్లమ్మ వెంటనే. ఆడవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు. మరకల మీది నుంచి చూపులు ఒక్కొక్కటే కదిలి, తెల్ల చొక్కా వైపు పోతున్నాయి. డాక్టరు తల దించుకుని బ్యాగు జిప్పు లాగుతున్నాడు.

“రాణీ,” అన్నాడు సారు. ఈసారి మీటింగు గొంతు కాదు. “లోపలికి పా.”

ఓబులేసు కూతురి చెయ్యి వదిలేశాడు. రెండడుగులు ముందుకు వచ్చి, బేసినులోకి వంగి చూశాడు. “ఎవురో పేరు చెప్పమ్మా,” అన్నాడు. “నా బిడ్డ పేరు అందరి ముందూ చెప్పినారు. ఇది కూడా అందరి ముందే చెప్పాల.”

సారు అనే మాట ఆమె నాలుక చివరికి వచ్చింది. ఆ మాట సరిపోదు. ఆ మాట వెనక ఆయన ఇంతకాలం దాక్కున్నాడు. మా ఆయన, నా పెనిమిటి, అవన్నీ ఆయన కప్పుకున్న దుప్పట్లే. వెన్నెల కళ్లు తుడుచుకోకుండా ఆమెనే చూస్తోంది.

వెనక గడపలో నిలబడ్డ విజయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

“చెప్పెయ్యి రాణమ్మా,” అంది.

వంటింట్లో అన్నదీ ఆ మాటే. గొంతు మాత్రం అది కాదు.

“బువ్వ పెట్టింది, చెయ్యి కడిగింది, ఈ పిల్ల మీద నింద వేసింది, అన్నీ ఒక్కడే,” అంది కృపారాణి. లారీ మీది ఫ్లెక్సీ వైపు చూడలేదు. నేరుగా భర్త మొహంలోకి చూసి, పెళ్లయినాక మొట్టమొదటిసారి, వాకిట్లో చివర నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా పలికింది.

“కరుణాకరం.”